చక్రాలు కదల్లేదు

మా బావ చివరగా చేసిన పని వంటింటి అలమర తలుపు బిగించడం. పైన బందు వదులై మూడు నెలలుగా ఆ తలుపు ఒక పక్కకి వేలాడుతోంది. ఆ శనివారం ఉదయం ఆయన స్టూలు తెచ్చుకుని, నాలుగు స్క్రూలు విప్పి గిన్నెలో వేసి, వదులైన రంధ్రాల్లో అగ్గిపుల్ల ముక్కలు దోపి, మళ్ళీ బిగించాడు. తలుపు రెండుసార్లు తెరిచి మూశాడు. స్క్రూడ్రైవరు తీసుకెళ్ళి వెనక గదిలో గోడకున్న చెక్క మీద, దాని బొమ్మ గీసి ఉన్న చోట తగిలించాడు. మళ్ళీ వంటింట్లోకి వచ్చి మా అక్కయ్యతో "తలుపు?" అన్నాడు.

అక్కయ్య కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే "మూసుకుంది" అంది.

"స్టూలు?"

"అక్కడే ఉంది. తీసెయ్యండి."

ఆయన తీయలేదు. దానిమీద కూర్చున్నాడు. అక్కయ్య కత్తి పక్కన పెట్టి చూసేసరికి గోడకి తల ఆనించి ఉన్నాడు. మొహంలో బాధ లేదంది. ఏదో లెక్క కుదరనప్పుడు పెట్టే మొహమే పెట్టి ఉన్నాడంది.

అరవై రెండేళ్ళు. గుండె. అంతకు నాలుగేళ్ళ ముందు దాకా ఆరు నెలలకోసారి ఆ గుండెని కాగితం మీద గీతలుగా గీయించుకుని, బాగానే ఉందని ముద్ర వేయించుకున్న మనిషి. ఆ ముద్రలన్నీ ఏమయ్యాయో నాకు అర్థం కాలేదు. ఆయన విషయంలో నాకు అర్థం కానివి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించే ఇదంతా.

మా బావ విమానం నడిపేవాడు. ఇలా అనగానే జనం భుజాల మీద బంగారు పట్టీలూ, వెనక చిన్న చక్రాల పెట్టె లాక్కుంటూ నడవడమూ ఊహించుకుంటారు. ఆయనది రెండు ఇంజన్ల చిన్న సరుకు విమానం. వెనక మందుల పెట్టెలు, ఉత్తరాల సంచులు, ఒక్కోసారి గంపల్లో కోడిపిల్లలు. ముందు ఆయన ఒక్కడు. పక్కన ఇంకో సీటు ఉండేది గాని దానిమీదా పెట్టెలే కట్టేవాళ్ళు. పొద్దున్నే బయల్దేరి రెండు ఊళ్ళలో సరుకు దించి మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేవాడు. "పాలవాడికీ నాకూ తేడా ఏం లేదు, నాకు కుక్కలు అడ్డం రావు, అంతే" అనేవాడు.

విమానం కదిలే ముందు చదివే జాబితా ఒకటి ఉంటుంది. పెద్ద విమానాల్లో ఒకరు చదివితే పక్కవాళ్ళు జవాబు చెబుతారు. ఇంధనం? నిండుగా ఉంది. తలుపులు? మూసి ఉన్నాయి. ఈయన ఒక్కడే కాబట్టి రెండు గొంతులూ ఈయనవే. దాదాపు ముప్పై ఏళ్ళు పొద్దున్నే తనని తాను ప్రశ్న అడుగుతూ, తనకి తాను జవాబు చెప్పుకుంటూ గడిపాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఊరెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి "గ్యాస్?" అనేవాడు. అక్కయ్య "ఆఫ్" అనాలి. "కిటికీలు?" "మూశాను." "కుళాయి?" "కట్టేశాను." పెళ్ళైన కొత్తలో ఇది తన మీద నమ్మకం లేక చేస్తున్నాడనుకుని అక్కయ్య రెండు రోజులు అన్నం మానేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఎప్పుడైనా ఆయన అడగడం మర్చిపోతే, కారెక్కాక కూడా ఆమె కదలనివ్వకుండా "అడగరేం?" అనేది.

కాగితాల దగ్గర ఇంకో పద్ధతి. ఏ ఫారమైనా ముందు పెన్సిలుతో ప్రతి గడిలోనూ చిన్న చుక్క పెట్టేవాడు. అంటే చదివాను అని. తర్వాత వెళ్ళి నిజంగా చూసుకుని వచ్చి ఇంకుతో టిక్కు కొట్టేవాడు. చుక్కకీ టిక్కుకీ మధ్య ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. కరెంటు మీటరు కాగితమైనా సరే. విమానాల షెడ్డులో మెకానిక్కులంతా ఆయన్ని 'లిస్టుగారు' అనేవాళ్ళు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కథలు రాసేవాణ్ణి, అప్పుడప్పుడు అచ్చయ్యేవి. జన్మలో ఒక్క పద్యం రాయలేదు గాని మా బావకి నేను 'కవిగారు'. బావమరిదిని ఏడిపించే హక్కు పెళ్ళిపత్రికలోనే రాసిచ్చారనేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అప్పటికి ఆయనకి యాభై. షెడ్డులో పెద్ద మెకానిక్ రిటైరవుతుంటే మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. మర్నాడు మా బావకి సెలవు. రెండు గ్లాసులు వైను తాగాడు. ఆయన తాగడమే ఏడాదికి నాలుగైదు సార్లు. కారు దగ్గరకొచ్చి, తాళం తీసి, కూర్చుని, ఇలా నడపడం మంచిది కాదనుకున్నాడు. కాసేపు నిద్రపోయి వెళ్దామని సీటు వెనక్కి వాల్చాడు. ఎండ మండిపోతోంది. చల్లగాలి కోసం ఇంజను ఆడించి ఉంచాడు. చెయ్యి బ్రేకు వేసి ఉంది. నలభై నిమిషాల తర్వాత ఎవరో అద్దం మీద తట్టారు.

తట్టింది పోలీసు. మా బావ నేను నడపడం లేదు, నిద్రపోతున్నానన్నాడు. ఆ కుర్ర పోలీసు మర్యాదగానే చెప్పాడట: తాళం పెట్టి ఉంది, ఇంజను ఆడుతోంది, మీరు స్టీరింగు ముందు ఉన్నారు, చట్టం లెక్కలో నడుపుతున్నట్టే. గొట్టంలో ఊదమన్నాడు. గీతకి వెంట్రుకవాసి పైన వచ్చింది. ఇంకో పావుగంట నిద్రపోయి ఉంటే గీత కిందికి వచ్చేది. నడుపుకుంటూ ఇంటికెళ్ళి ఉంటే ఎవరూ పట్టుకునేవాళ్ళే కాదు. తాగి నడపకూడదని ఆగినందుకే దొరికిపోయాడు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, మీరు నిజంగా కల్లే తాగి చెట్టు కింద పడుకున్నారు లిస్టుగారూ" అని రిటైరైన మెకానిక్ నవ్వాడు. నవ్వి, తర్వాత తనవల్లే అయిందని చాలా బాధపడ్డాడు.

జరిమానా కట్టేశాడు. మామూలు మనిషికైతే అంతటితో సరి. పైలట్‌కి కాదు. ఆయన రెండు చోట్ల చెప్పుకోవాలి. ఒకటి లైసెన్సుల ఆఫీసు, అరవై రోజుల్లోగా ఉత్తరం రాయాలి. రెండోది వైద్య మండలి, ఆరు నెలలకోసారి చేయించుకునే పరీక్షలో ఫారం మీద ఆ సంగతి ఒప్పుకోవాలి. ఒకచోట చెప్పాం కదా అని రెండోచోట ఊరుకుంటే దాచినట్టే, దాచితే జన్మలో మళ్ళీ విమానం ఎక్కనివ్వరు. ఇది తెలియక మునిగిపోయిన వాళ్ళ కథలు షెడ్డులో చాలా ఉండేవి. లిస్టుగారు అలా మునగడు గదా. మూడో రోజుకే లైసెన్సుల ఆఫీసుకి నాలుగు లైన్లు రాసి పంపాడు. వారం తిరక్కుండా 'అందినది' అని కార్డు వచ్చింది. అక్కడితో ఆ ఆఫీసు పని అయిపోయింది.

పైలట్లని పరీక్ష చేసే డాక్టరు పెద్దాయన, ముక్కు చివరికి జారే కళ్ళద్దాలు. మా బావని పాతికేళ్ళుగా చూస్తున్నాడు. ఫారంలో మద్యం కేసుల గడి దగ్గర మా బావ పెట్టిన చుక్కా, దానిమీద కొట్టిన టిక్కూ చూసి, ఇదేం పెద్ద విషయం కాదు, జరిగిందేమిటో నీ మాటల్లో ఒక కాగితం రాసి జతచెయ్యి, మండలి వాళ్ళు చూసి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు అన్నాడు. అది వచ్చేదాకా విమానం ఎక్కకూడదు. మహా అయితే మూడు వారాలు.

ఆ కాగితం పట్టుకుని మా బావ నా గదికొచ్చాడు. నా బల్ల మీద ప్రూఫులు పరిచి ఉన్నాయి. ఆయన రాసింది చదివాను. తేదీ. సమయం. రెండు గ్లాసులు. ఇంజను ఆడుతోంది, బ్రేకు వేసి ఉంది, చక్రాలు కదల్లేదు. జరిమానా చెల్లించాను. లైసెన్సుల ఆఫీసుకి రాసిన ఆ నాలుగు లైన్లే మళ్ళీ.

"ఇదేంటి బావా, ఉత్తరమా, వాతావరణ సూచనా?" అన్నాను.

"జరిగింది అదేగా."

"జరిగింది రాస్తే సరిపోదు. చదివేవాడికి నువ్వెవరో తెలియాలి. నీ మీద మనసు కరగాలి."

మనసు కరగడం అనే గడి ఫారంలో లేదన్నాడు గాని, కాగితం నా చేతిలోనే ఉంచాడు. రాసే పని నాదని ఆయనకి ఒక గౌరవం ఉండేది. స్క్రూ బిగించడానికి నేను ఆయన్ని పిలిచినట్టే, వాక్యం బిగించడానికి ఆయన నా దగ్గరకొచ్చాడు. నేను రెండు రోజులు కూర్చున్నాను. ఒకటిన్నర పేజీ. అంత శ్రద్ధగా నా కథలు కూడా రాయలేదు. తెల్లవారుజామున ఒంటరిగా పైకి లేచే విమానం, కింద నిద్రలేస్తున్న ఊళ్ళు, ఏ ఊళ్ళో ఎవరికోసమో మోసుకెళ్తున్న మందులు, అన్నీ పెట్టాను. చివర్లో ఈ వాక్యం వచ్చింది: 'ఇరవై రెండేళ్ళుగా ఆకాశంలో ఒక్కడినే తిరిగిన నాకు, నేల మీదికి దిగాక ఆ గ్లాసే కాసేపు తోడు.' అది రాసి లేచి గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగానని గుర్తు.

బావ నిలబడే చదివాడు. లైను కింద వేలు పెట్టి, మెల్లగా. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది.

"ఇది ఉండాలా?" అన్నాడు.

"ఉత్తరానికి ప్రాణమే అది."

ఆయన ఇంకోసారి చదివాడు. "సరే మరి. ప్రాణం తియ్యకూడదు" అని సంతకం పెట్టాడు.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఒక్కడే మా ఇంటికొచ్చాడు. అక్కయ్య లేకుండా ఆయన రావడం అరుదు. టీ పెట్టి ఇచ్చాను. కప్పు సాసరులో సరిగ్గా మధ్యకి జరుపుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. విమానాలు లేక తోచడం లేదనుకున్నాను. వెళ్ళే ముందు అడిగాడు:

"కవిగారూ, నువ్వు రాసేటప్పుడు నిజమా కాదా అని చూసుకుంటావా, బాగుందా లేదా అని చూసుకుంటావా?"

కథల గురించి ఆయన ఎన్నడూ అడిగినవాడు కాదు. నాకు సంతోషమేసింది. గొప్పగా ఉంటుందని "బాగుంటే నిజమే అవుతుంది బావా" అన్నాను.

"అంతేనంటావా" అన్నాడు. కప్పు తీసుకెళ్ళి తనే కడిగి బోర్లించి వెళ్ళాడు.

ఇంకో వారానికి మండలి నుంచి వచ్చిన ఉత్తరం ఇంట్లో అందరికీ చూపించాడు. 'దరఖాస్తుదారు విషయంలో మరింత పరిశీలన అవసరమని నిర్ణయించడమైనది.' అంతే, కారణం లేదు. రక్త పరీక్షలు, కాలేయం పరీక్షలు, మానసిక నిపుణుడి దగ్గర నాలుగు సిట్టింగులు, వారానికోసారి తాగుడు మానేవాళ్ళ సమావేశానికి హాజరు, ఆ తర్వాత మళ్ళీ చూస్తామని. మాకు మతిపోయింది. నాలుగు లైన్లు చదివిన ఆఫీసు వారంలో వదిలేసింది. ఒకటిన్నర పేజీ చదివిన ఆఫీసు పట్టుకు కూర్చుంది. ఇది ఎలా తిరగబడిందో ఎంత ఆలోచించినా నాకు అంతుచిక్కలేదు. ఎక్కువ చదివినవాడికి ఎక్కువ జాలి కలగాలి కదా అనేదే నా బుర్రలో ఉంది.

పరీక్షల నుంచి వచ్చి ఆయన చెప్పే కబుర్లు వింటే ఇంకా అయోమయంగా ఉండేది. రక్తం బాగుంది, కాలేయం పసిపిల్లాడి కాలేయంలా ఉందన్నారట. మానసిక నిపుణుడు మాత్రం తాగుడు గురించి అడగడమే లేదు. మధ్యాహ్నం భోజనం ఎవరితో చేస్తారు? స్నేహితులు ఎందరు? ఇంట్లో మీరు ఎక్కువ మాట్లాడతారా, మీ భార్యా? విమానంలో మీలో మీరు మాట్లాడుకుంటారా?

"ఏం చెప్పావ్?" అన్నాను.

"అవునన్నా. రోజూ మాట్లాడుకుంటానన్నా. నేనే అడిగి నేనే జవాబు చెప్పుకుంటానన్నా."

"జాబితా గురించని చెప్పలేదా?"

"తర్వాత చెప్పా. అప్పటికే ఆయన రాసుకున్నాడు."

నేను పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వాడు. సమావేశం కథ అంతకన్నా విచిత్రం. గుండ్రంగా కుర్చీలు వేసుకుని ఒక్కొక్కరూ తమ బతుకు చెప్పుకోవాలి. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు, పిల్లలు మొహం చూడనివాళ్ళు గంటలు గంటలు చెప్పి ఏడుస్తారట. ఈయన వంతు వచ్చేసరికి "రెండు గ్లాసులు. బ్రేకు వేసి ఉంది. చక్రాలు కదల్లేదు" అని కూర్చునేవాడు. ఇంకా బయటపడటం లేదని వాళ్ళు జాలిగా చూసేవాళ్ళట. మూడో వారానికి కుర్చీలు ఎలా సర్దాలో ఒక జాబితా రాసి గోడకి అంటించి వచ్చాడు.

నవ్వులు మూడు నెలలే. విమానం లేదు కాబట్టి కంపెనీ వాళ్ళు ఆయన్ని సరుకుల షెడ్డులో పెట్టారు. పెట్టెలు తూచి చీటీ అంటించే పని. ఆయన తూచిన పెట్టెలే ఆయన విమానంలోకి ఎక్కేవి, ఇంకో కుర్రవాడు దాన్ని నడుపుకుంటూ పోయేవాడు. ఒకసారి నేను భోజనం తీసుకెళ్తే ఆయన కాటా పక్కన నిలబడి ఆ విమానం పైకి లేవడం చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. అది కనుమరుగయ్యాక చీటీ మీద బరువు రాశాడు. యాభై ఏళ్ళు దాటితే ఏడాదిలోగా తిరిగి ఎక్కనివాణ్ణి కంపెనీ వదిలేస్తుందని అక్కడి వాళ్ళు చెప్పుకుంటున్నారు. అది ఆయనకీ తెలుసు.

అక్కయ్యకి అనుమానం మొదలైంది. రెండు గ్లాసులకి ఇంత తతంగం ఎవరు చేస్తారు? ఆఫీసుల వాళ్ళకి తనకి తెలియనిదేదో తెలుసు. నిప్పు లేనిదే పొగ రాదు గదా. ఆయన తాగిన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి వాసన చూడటం నేనే చూశాను. అలమరలో పుస్తకాల వెనక చెయ్యి పెట్టి తడిమేది. ఒక ఆదివారం భోజనాల దగ్గర నా ముందే అడిగేసింది.

"నాకు తెలియకుండా ఇంకేమైనా ఉందా?"

 చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనే ఆమెని చంపేసింది. లేదనేవాడైతే వెంటనే లేదంటాడు కదా.

"దాచిన సీసా లేదు" అన్నాడు చివరికి.

ఆమె అడిగింది సీసా గురించి కాదు. సీసా లేదని ఆమెకీ తెలుసు. మర్నాటి నుంచి ఆమె జవాబులు చెప్పడం మానేసింది. ఆ వారంలోనే ఒక ఉదయం నేను వాళ్ళింట్లో ఉన్నాను. ఆయన షెడ్డుకి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి "గ్యాస్?" అన్నాడు. అక్కయ్య వంటింట్లోనే ఉంది, వినపడుతుంది. ఏమీ అనలేదు. ఆయన కాసేపు ఆగాడు. తర్వాత తనే చిన్నగా "ఆఫ్" అన్నాడు. "కిటికీలు?" ఆగాడు. "మూసి ఉన్నాయి." చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పెట్టెల మధ్య ఆ ఒక్క సీటులో ఆయన ఎలా ఉంటాడో నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఒకటిన్నర పేజీ రాసినప్పుడు నేను చూడలేదు.

అలా రెండు నెలలు. నేను అక్కయ్యకి నచ్చజెప్పబోయాను. నువ్వు రాసిన ఉత్తరానికే వాళ్ళు కరగలేదంటే మీ బావ ఏదో దాచాడనే కదా అంది. ఉత్తరం బాగుందని ఆమెకీ నమ్మకమే. నాకు ఆ మాట ఎంత తీపిగా తగిలిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఒకరోజు నేనే డాక్టరు దగ్గరకెళ్ళి అడిగాను, ఎందుకిలా జరుగుతోందని. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి "మీరు కథలు రాస్తారట కదా" అన్నాడు. అవునన్నాను. ఆయన ఏదో అనబోయి, బయట ఇంకో పేషంటు ఉన్నాడన్నాడు. వరండాలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

అక్కయ్య ఎప్పుడు మారిందో, ఎందుకో కూడా నాకు తెలియదు. ఆమెని అడిగితే తనకీ తెలియదంది. ఒక ఉదయం ఆయన గుమ్మం దగ్గర "గ్యాస్?" అని, మామూలుగా ఆగి, తనే చెప్పబోతుంటే వంటింట్లోంచి "ఆఫ్" అని వినిపించిందట. ఆయన తడబడి తర్వాత ఏమడగాలో మర్చిపోయాడట. "కిటికీలు" అని అక్కయ్యే గుర్తు చేసి, "మూశాను" అని అక్కయ్యే చెప్పిందట. ఆ సాయంత్రం ఆయన షెడ్డు నుంచి గంట ముందే వచ్చేశాడు.

పదకొండో నెలలో మండలి ఆయన్ని పిలిచింది. ముగ్గురు కూర్చుని ఉంటారు, వాళ్ళు తేల్చేస్తారు. కంపెనీ గడువుకి ఇంకో నాలుగు వారాలే ఉంది. ఆయన చొక్కా అక్కయ్య రెండుసార్లు ఇస్త్రీ చేసింది. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. మెకానిక్ కూడా వచ్చాడు, వద్దన్నా వినకుండా. గంటన్నర తర్వాత బావ బయటికొచ్చాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏమడిగారు?" అంది అక్కయ్య.

"పాత కాగితాలన్నీ తిరగేశారు. చివర్లో ఒకటే అడిగారు."

"ఏంటది?"

"ఇప్పుడు మీకు తోడెవరు అని."

"ఏం చెప్పారు?"

"నువ్వని చెప్పా."

అక్కయ్య మా మొహాలు చూసింది. "గంటన్నర కూర్చోబెట్టి అడిగింది అదా?" అంది. మెకానిక్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ప్రభుత్వం వాళ్ళ బుర్రలే అంత అనుకున్నాం. కొండని తవ్వి ఎలకని పట్టారన్నాను నేను. బావ నా వైపు చూసి, "ఎలక బాగానే దొరికిందిలే కవిగారూ" అన్నాడు.

పది రోజులకి సర్టిఫికెట్ వచ్చింది. రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి రక్త పరీక్ష అనే షరతుతో. ఆయన మళ్ళీ ఎక్కాడు. ఇంకో ఏడేళ్ళు నడిపాడు, పాలవాడిలాగే పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చాడు. ఆ ఏడాది ఏం జరిగిందో ఎవరడిగినా "ఆఫీసు వాళ్ళు కాగితం సరిగ్గా చదవలేదు" అనేవాడు. నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి. ఇంకాస్త కలిపి చెప్పేవాణ్ణి, మంచి వచనం చదవడం వాళ్ళకి రాదని. ఆయన వింటూ ఉండేవాడు. ఎన్నడూ కాదనలేదు. గ్లాసు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు, ఎవరి రిటైర్మెంటులోనూ.

ఆయన పోయిన మూడు వారాలకి లైసెన్సుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, పైలట్ లైసెన్సు వాపసు పంపమని. ఎక్కడుందో అక్కయ్యకి తెలియదు. ఆయన నల్ల సంచీ నా ముందు పెట్టి, నువ్వు చూడు, నావల్ల కాదు అని వంటింట్లోకి వెళ్ళింది. అలమర తలుపు తెరిచి మూసిన చప్పుడైంది. ఎక్కడా ఆనకుండా మెత్తగా మూసుకుంది.

లైసెన్సు పైన అరలోనే ఉంది. కింద జిప్పు వేసిన అరలో ఒక కవరు. అందులో మూడు కాగితాలు. ఒకటి ఆయన నాలుగు లైన్లు. రెండోది నా ఒకటిన్నర పేజీ నకలు. మూడోది మండలి నుంచి వచ్చిన ఉత్తరం నకలు. మాకు చూపించినది కాదు, దానికి ముందు వచ్చినది. అలాంటిదొకటి ఉందని మాకు తెలియదు.

చిన్న ఉత్తరం. 'మీ వాంగ్మూలంలోని ఈ కింది వాక్యం మా దృష్టికి వచ్చినది' అని, కింద నా వాక్యం. ఆకాశం, ఒక్కడినే, గ్లాసు, తోడు. టైపు అక్షరాల్లో అది నాది కానట్టు ఉంది. 'ఇది కేవలం రాత ధోరణి అయినచో ఆ మేరకు తెలియజేయండి, మీ సర్టిఫికెట్ వెంటనే జారీ చేయబడును. వాస్తవమైనచో తదుపరి పరిశీలన జరుగును.' దాని కింద రెండు గడులు. వాస్తవం. వాస్తవం కాదు.

నేను ఆ వాక్యం రాసింది బాగుంటుందని. ఆయనకి తోడు ఉందా లేదా అని నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. మా అక్కయ్య ఉంది కదా, నేను ఉన్నాను కదా.

వంటింట్లోంచి అక్కయ్య "లైసెన్సు దొరికిందా?" అని అడిగింది. దొరికిందన్నాను.

రెండు గడుల్లోనూ పెన్సిలు చుక్క ఉంది. ఇంకు టిక్కు 'వాస్తవం' మీద ఉంది. సంతకం పక్కన వేసిన తేదీ, ఆయన మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్ళిన రోజుకి మర్నాడు.